పడని తిండి – పిల్లల టీకాలు

పిల్లలు గల యింట “ఇది మావానికి పడదు” అను మాట వినబడని దినముండదు. ఒకనికి గ్రుడ్డు పడదు. ఒకతెకు పాలు పడవు. వేఱొకనికి వేరుసెనగగింజ నోట బెట్టిన నిమిషమునకే పెదవులు వాచును. ఇట్టి బిడ్డను గన్న తల్లి యెంత మెలకువతో నుండునో అనుభవించినవారికే తెలియును. పేరంటమునకు బోయినను, పుట్టినదినపు విందునకు బోయినను ఆమె చూపు బిడ్డ చేతిమీదనే యుండును. ఈ జాగ్రత్త మెచ్చదగినదే. కాని జాగ్రత్త హద్దు మీఱినచో భయమగును. ఆ భయమునకు తెలియనితనము తోడైనచో, ఏ బిడ్డను గాపాడవలెనని తలచితిమో ఆ బిడ్డకే కీడు మూడును. “మావానికి గ్రుడ్డు పడదు గనుక టీకా వేయింపము” అను మాట యట్టిది. ఈ మాటను మేమును ఒకనాడు పలికితిమి. దాని ఫలమును అనుభవించితిమి. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా యింటివారు బడిపంతులు. మా యింట గ్రుడ్డు వండు నలవాటు లేదు. మా రెండవ పిల్లవాడు ఎనిమిదవ మాసమున మిక్కిలి చిక్కి యుండగా, వానికి బలమైన యాహార మవసరమని వైద్యులు చెప్పిరి. అంగనువాడి కేంద్రమున నిచ్చు గ్రుడ్డును మా అత్తగారి యనుమతితోనే తెచ్చి, ఉడికించి, తెల్లసొనను గోరంత నలిపి వాని నోట బెట్టితిమి. పావుగంట గడవకమున్నే వాని నోటిచుట్టును దద్దుర్లు లేచినవి, కనుఱెప్పలు వాచినవి, రెండుమారులు వాంతి యయ్యెను. ఆసుపత్రికి గొనిపోగా మందిచ్చి, “వీనికి గ్రుడ్డు పడదమ్మా, ఇకమీద పెట్టకండి” అని చెప్పి పంపిరి.

మఱుసటి మాసమున వానికి తట్టు టీకా వేయింపవలసి యుండెను. మా వీథిలో మేము పిన్నిగారని పిలుచు పెద్దముత్తైదువ యొకామె గలదు. ఆమె సంగతి విని, “ఓసి తల్లీ, ఆ టీకా కోడిగుడ్డుతోనే చేస్తారుటే! గోరంత నోట్లో పెడితేనే అంత పనయింది, సూదితో ఒంట్లోకి ఎక్కిస్తే పిల్లాడు తట్టుకుంటాడా?” అని గుండెపై చేయి వేసికొనెను. ఆమె మాటలో దురుద్దేశ మేమియు లేదు; మా బిడ్డయం దామెకు గల ప్రేమయే ఆ మాట పలికించెను. మా యింటివారు వైద్యు నడిగి చూతమనిరి. బడిలో పరీక్షల దినములు. వారికి తీఱిక లేకపోయెను. మేమును తొందఱ పెట్టలేదు. వారము వారమునకు వాయిదా వేయుచు వచ్చితిమి. ఏ.ఎన్.ఎం. గారు ఇంటికి వచ్చి యడిగినపుడు, “పిల్లవానికి జలుబుగా నున్నది, వచ్చే వారము తెత్తుము” అని అబద్ధమాడితిమి. నిజము చెప్పి యుండినచో, ఆమెయే మా సందేహమును దీర్చియుండును. ఆ మాట తలచినపుడెల్ల నేటికిని మాకు సిగ్గగును.

పదునొకండవ మాసమున మా వీథికి తట్టు వచ్చెను. మొదట జ్వరము, దగ్గు, కండ్లయెఱ్ఱదనము. నాలుగవనాడు చెవుల వెనుక బయలుదేరిన ఎఱ్ఱనిపొక్కులు మేనెల్ల గ్రమ్మెను. గుమ్మమునకు వేపమండలు గట్టితిమి, చలువ చేసితిమి. అయినను రొమ్మునకు నిమ్ము చేరెను. తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుంటిమి. గోరంత గ్రుడ్డుతో ఒక్కపూట బాధపడిన పిల్లవాడు, టీకా లేనందున తొమ్మిది దినములు ఊపిరికై పెనుగులాడెను. బ్రతికి యింటికి వచ్చెను. కాని వాని మేను మరల పుంజుకొనుటకు చాలమాసములు పట్టెను. ఆ దినములలో ఒక రాత్రి శిశువైద్యులు, “గ్రుడ్డు పడని బిడ్డకు ఈ టీకా వేయరాదని మీకెవరు చెప్పారమ్మా?” అని యడిగిరి. మాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు తెలిసికొన్న సంగతులనే ఇచట విన్నవించుచున్నాము.

పడకపోవుట యననేమి?

మన చరకసంహితలో సాత్మ్యమను మాట గలదు. ఏ మేనికి ఏది ఒదుగునో అది దానికి సాత్మ్యము, ఒదుగనిది అసాత్మ్యము. ఒకనికి హితమైనదే వేఱొకనికి అహిత మగునని పెద్దలు కనిపెట్టియే యుండిరి. నేటి వైద్యులు దాని లోపలి కారణమును గూడ విప్పి చెప్పుచున్నారు. మన మేనిలో రోగక్రిములతో పోరాడు కావలి యొకటి యున్నది. కొందఱి మేనిలో ఆ కావలి పొరబడి, గ్రుడ్డులోనో పాలలోనో యుండు మాంసకృత్తును శత్రువుగా నెంచి దానిపై లేచును. అప్పుడు మేనిలో హిస్టమిన్ మొదలైన పదార్థములు వెలువడి, దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసము కలిగించును. ఇదియే అలర్జీ. పాలు త్రాగినపుడు కడుపుబ్బి విరేచనము లగుట తఱచుగా పాలలోని చక్కెర జీర్ణము గానందువలన గలుగును. అది వేఱు, ఇది వేఱు.

ఇందు గమనింపదగినవి రెండు గలవు. ఏ మాంసకృత్తు పడదో అదియే లోనికి పోవలెను. అదియు మేను గుర్తింపగల పరిమాణమున పోవలెను. మామిడిపండు పడనివానికి మామిడిచెట్టు నీడ కూడ పడదనుట యెట్టిదో, టీకాతో గ్రుడ్డునకు పేరులో సంబంధ మున్నదని బెదరుటయు నట్టిదే.

గ్రుడ్డు మాట యెట్లు వచ్చెను?

పిన్నిగారి మాట బొత్తిగా గాలిమాట కాదు, దానికొక మూలమున్నది. 1954వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరప్రాంతమున తట్టు సోకిన యొక బడిపిల్లవాని రక్తమునుండి జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ అను శాస్త్రజ్ఞులు ఆ రోగపు వైరసును వేఱుచేసిరి. ఆ పిల్లవాని యింటిపేరుననే దానిని ఎడ్మన్‌స్టన్ వైరసని నేటికిని పిలుతురు. దానిని కోడిపిండపు కణములలో పలుమారులు పెంచి, రోగము కలిగించు బలమును తగ్గించి టీకాగా మార్చిరి. 1963లో అమెరికాలో అది వాడుకకు వచ్చెను. కోడిపిండమనగానే గ్రుడ్డు, గ్రుడ్డనగానే అలర్జీ – ఇట్లు భయము గొలుసువలె సాగెను. తొలినాళ్ళలో వైద్యులు కూడ గ్రుడ్డు పడని పిల్లలకు ఈ టీకా వేయుటకు జంకిరి. చర్మముపై పరీక్షించి, చుక్క చుక్కగా నిచ్చెడివారు.

కాని పిల్లలకు సామాన్యముగా పడనిది తెల్లసొనలోని మాంసకృత్తులు. టీకాకు వాడునది పిండపు కణములు, తెల్లసొన కాదు. తయారైన టీకాలో ఆ సొన జాడ యున్నను, గ్రామును నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగమునకు మించదు. మఱియు మన దేశమున పుణె నగరమున తయారై చిరకాలముగా వాడబడుచున్న తట్టు టీకాకు కోడిపిండమును వాడరు. ఎడ్మన్‌స్టన్ వైరసునే జాగ్రెబ్ నగరమున మానవకణములకు అలవాటు చేసిన రకమును, మానవకణములలోనే పెంచుదురు. ఇతర తయారీలలో కోడిపిండపు కణములను వాడుట కలదు; వానికిని పైన జెప్పిన లెక్కయే వర్తించును.

లెక్క యటుండ, అనుభవ మేమి చెప్పుచున్నదందురా? 1995లో అమెరికా వైద్యులు, గ్రుడ్డు పడదని పరీక్షలో తేలిన ఏబదినలుగురు పిల్లలకు తట్టు మొదలగు మూడు రోగముల కూడిక టీకాను ఒక్కమారే పూర్తి మోతాదుగా వేసి చూచిరి. వారిలో గ్రుడ్డు తిని ప్రాణాపాయస్థితికి వచ్చినవారును గలరు. ఒక్కరికిని తీవ్రమైన ప్రతిక్రియ కలుగలేదు. తరువాతి అనుభవమును దానినే బలపఱచెను. నేడు గ్రుడ్డు పడని బిడ్డకు ముందు పరీక్షలేమియు లేకయే, అందఱు పిల్లలతో పాటు తట్టు టీకా వేయవచ్చునని శిశువైద్యులు చెప్పుచున్నారు.

మనము మఱచిన వస్తువులు

అయినచో టీకా యెవ్వరికిని ఎన్నడును పడకపోదా యని మీరడుగవచ్చును. పడకపోవుట కలదు, కాని మిక్కిలి యరుదు. 2016లో అమెరికాలో ప్రకటింపబడిన లెక్క ప్రకారము, ఇంచుమించు రెండున్నర కోట్ల మోతాదులు వేయగా, ప్రాణాపాయకరమైన అలర్జీ 33 మందికి మాత్రమే కలిగెను. అనగా పదిలక్షల మోతాదులకు ఒకటి చొప్పున. అట్లు పడనపుడు దోషము తఱచుగా గ్రుడ్డుది కాదు.

దోషములలో మొదటిది జెలటిన్. ఇది పశువుల తోలు, ఎముకలనుండి తీయు జిగురువంటి పదార్థము. కొన్ని టీకాలు చెడకుండుటకై కలుపుదురు. జెల్లీ మిఠాయిలలోను, మందుగొట్టములలోను ఇదియే యుండును. అమెరికాలో టీకా వేసిన పిమ్మట తీవ్రముగా బాధపడిన యొక యువతి, తనకు జెల్లీ తినినపుడును ఇట్లే యగునని చెప్పగా, వైద్యులు పరీక్షించి కారణము జెలటినే యని కనుగొని 1993లో ప్రకటించిరి. పిమ్మట జపాను దేశమున ఇట్టివి పెక్కు బయటపడగా, అక్కడి తయారీదారులు టీకాలనుండి జెలటినును తొలగించిరి; అంతట ఆ బాధలును తగ్గినవి. మీ బిడ్డ జెల్లీ మిఠాయి తినినపుడు దద్దుర్లు లేచినచో, ఆ సంగతి గ్రుడ్డు సంగతికన్న ముందు చెప్పదగినది.

రెండవది పాలు. తట్టు టీకా తయారీలలో కొన్నింట, మన దేశమున తయారగు వానిలోను, పాలమాంసకృత్తును విడగొట్టి చేసిన లాక్టాల్బుమిన్ హైడ్రోలైసేట్ అను పదార్థము కలియును. 2014లో బ్రెజిల్ దేశమున అట్టి టీకా వేసినపుడు, పాలు బొత్తిగా పడని కొందఱు పిల్లలకు తీవ్రమైన ప్రతిక్రియలు కలిగినవి. అక్కడి ప్రభుత్వ మేమి చేసెను? ఆ పిల్లలకు టీకా వలదనలేదు. ఆ పదార్థము లేని వేఱొక తయారీని వారికి వేయుడని యాజ్ఞాపించెను. సోదరీమణులారా, ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొనుడు. పాలచుక్కకే మేనెల్ల దద్దుర్లు లేచి ఆయాసపడు బిడ్డ యున్నచో, తట్టు టీకాకు ముందుగా శిశువైద్యునితో చెప్పి, ఏ తయారీ వేయవలెనో యడిగి, ఆసుపత్రిలోనే వేయింపవలెను. మానుట మార్గము కాదు, చెప్పుట మార్గము.

వేరుసెనగ, జీడిపప్పు, చేప, రొయ్య, గోధుమ పడని పిల్లలకు ఈ కారణముచే ఏ వాడుక టీకాయును ఆపవలసిన పని లేదు. పుట్టినప్పటి బి.సి.జి., పోలియో చుక్కలు, ఆఱు, పది, పదునాలుగు వారములకు వేయు ఐదు రోగముల కూడిక టీకా – వీనిలో దేనికిని గ్రుడ్డుతో సంబంధము లేదు.

ఇతర టీకాల మాట

ఇన్‌ఫ్లుయెంజా జ్వరపు టీకాను నేటికిని ఎక్కువగా గ్రుడ్లలోనే పెంచుదురు. ఐనను గ్రుడ్డు పడనివారికి దానిని వేయుటకు ప్రత్యేక జాగ్రత్త లేమియు నవసరము లేదని 2023లో అమెరికా ప్రభుత్వపు టీకాసలహాసంఘము తేల్చెను. పసుపుజ్వరపు టీకా మాత్రము దీనికి భిన్నము. అదియు గ్రుడ్లలోనే తయారగును. గ్రుడ్డు తీవ్రముగా పడనివారు అలర్జీ వైద్యుని ముందుగా చూడవలెను. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములలోని కొన్ని దేశములకు పోవువారికే గాని మన యిండ్లలోని పిల్లలకు అది యవసరము లేదు.

కుక్కకాటు టీకా సంగతి ముఖ్యము. దానిలో ఒక రకమును కోడిపిండపు కణములలోను, వేఱొక రకమును వీరో అను కోతి కణములలోను పెంచుదురు. పిచ్చికుక్క కఱచిన బిడ్డకు గ్రుడ్డు పడదని ఒక్క పూటయైనను ఆలస్యము చేయరాదు. ఆ రోగలక్షణములు పొడసూపినచో మందు లేదు. గాయమును సబ్బుతో పావుగంటసేపు పాఱునీట కడిగి, వెంటనే ఆసుపత్రికి గొనిపోయి, గ్రుడ్డు సంగతి అచట చెప్పవలెను. వారు తగిన రకము నెన్నుకొందురు.

అరగంట కావలి

టీకా వేయించిన పిమ్మట అరగంటసేపు అచటనే యుండుమని చెప్పుట కేవలము ఆచారము కాదు. తీవ్రమైన అలర్జీ కలుగవలసి యున్నచో తఱచుగా ఆ కాలములోనే పొడసూపును. అప్పుడు దానికి తగిన మందు చేరువనే యుండవలెను. ఆ మందు అడ్రినలిన్. తొడకండకు సూదితో వేయుదురు. టీకాలు వేయుచోట ఆ మందు సిద్ధముగా నుంచవలెనను నియమము గలదు.

ఆ అరగంటలో తల్లి చూడవలసినవి యివి: మేన దద్దుర్లు లేచుట, పెదవులు నాలుక వాచుట, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలతో ఆయాసము, మరల మరల వాంతి, మేను తెల్లబోయి పిల్లవాడు వ్రేలవేయుట. వీనిలో ఏది కనబడినను వెంటనే కేకవేయవలెను. పిల్లవానిని భుజమున వేసికొని పరుగెత్తరాదు. పరుండబెట్టి కాళ్ళు కొంచెము ఎత్తుగా నుంచవలెను. ఆయాసముగా నున్నచో ఒడిలో ఆనించి కూర్చుండబెట్టవలెను. దద్దుర్లకు వాడు మాత్ర యిచ్చి చూతమని కాలము గడపరాదు. ఊపిరిని నిలుపునది అడ్రినలినే.

సూది వేసినచోట నొప్పి, కొంచెము వాపు, ఆ రాత్రి జ్వరము – ఇవి అలర్జీ కావు. తట్టు టీకా వేసిన వారము పదిదినములకు కొందఱు పిల్లలకు జ్వరము, పలుచని పొక్కులు కనబడుటయు కలదు. అదియు అలర్జీ కాదు.

చెప్పవలసిన నాలుగు మాటలు

టీకాకు పోవునపుడు నాలుగు సంగతులు మనస్సున నుంచుకొని పోవలెను. ఏ తిండి పడదు? తినిన యెంతసేపటికి ఏమేమి కలిగెను? జెల్లీ గాని పాలు గాని పడవా? ఇదివఱలో ఏ టీకాకైనను ఇట్టి బాధ కలిగినదా? ఈ కడపటి ప్రశ్నయే అన్నిటికన్న ముఖ్యము. ఒక టీకా వేసినపుడు ప్రాణాపాయకరమైన అలర్జీ కలిగిన బిడ్డకు, వైద్యుడు పరీక్షించి చెప్పువఱకు ఆ టీకాను మరల వేయరాదు. తీవ్రమైన జ్వరముతో నున్న బిడ్డకు తగ్గువఱకు ఆగుదురు. “గ్రుడ్డు పడదు” అనునది మాత్రము ఆగుటకు కారణము కాదు. ఈ సంగతులను తల్లీబిడ్డల కార్డుమీద వ్రాయించినచో, ఇంట మఱెవరు బిడ్డను గొనిపోయినను పొరపాటు రాదు. తప్పిన తట్టు టీకాను ఐదేండ్లు నిండువఱకును సర్కారు కేంద్రములలో వేయుదురు. “వేళ మించినది గదా” యని ఊరకుండవలదు.

మా పిల్లవాని సంగతి చెప్పి ముగింతుము. పదునాఱవ మాసమున వానికి తట్టు, రుబెల్లాల కూడిక టీకా వేయింపవలసి వచ్చెను. తట్టు వచ్చి పోయినవానికి మరల నేల యని మా అత్తగారు సందేహించిరి. అందులో రుబెల్లా రక్షణయు గలదని చెప్పి యొప్పించితిమి. బుధవారము ఉదయమున పోవుచుండగా పిన్నిగారును మాతో బయలుదేరెను. ఈమారు మేమేమియు దాచలేదు. గ్రుడ్డు సంగతి, ఆసుపత్రి సంగతి, నాడు జలుబని చెప్పిన అబద్ధపు సంగతి కూడ ఏ.ఎన్.ఎం. గారితో చెప్పితిమి. ఆమె నవ్వి, “అందరూ భయపడతారమ్మా. చెప్పారు, అదే పదివేలు. ఇక్కడే నా కళ్ళముందు కూర్చోండి” అనెను.

అరగంట కూర్చుంటిమి. పిన్నిగారు గోడగడియారము వైపును వాని ముఖము వైపును మార్చి మార్చి చూచుచుండెను. వాడు కాసేపు ఏడ్చి, ఆమె చేతిగాజులతో ఆడుకొని, ఆమె యొడిలోనే నిద్రపోయెను. వేళ గడిచినదని ఏ.ఎన్.ఎం. గారు చెప్పగా పిన్నిగారు, “ఇంతేనా? దీనికోసమా తల్లీ మనం అన్ని రోజులు ఏడ్చింది!” అని కన్నీరు పెట్టుకొనెను. ఆనాటినుండి మా వీథిలో టీకాకు వెనుదీయు తల్లి యెవరైన నున్నచో, వెంటబెట్టుకొని పోవునది ఆమెయే.

నేడు వానికి ఆఱేండ్లు. చాలమంది పిల్లలవలెనే వానికిని గ్రుడ్డు బాధ క్రమముగా తగ్గుచున్నదని వైద్యులు చెప్పిరి; వారు చెప్పినగాని మేము దానిని వానికి పెట్టము. ఆ జాగ్రత్తను మేము విడువలేదు, మీరును విడువవలదు. కాని ఈ వ్యాసము చదివిన రాత్రియే మీ బిడ్డల కార్డు తీసి చూడుడు. ఏ గడియైనను ఖాళీగా నున్నచో, అందులకు కారణము పడని తిండియే యైనచో, వచ్చు బుధవారమో శనివారమో బయలుదేరుడు. పోయి, మేము నాడు దాచిన మాటను మీరు దాచక చెప్పుడు.